ఆట ముప్పై అయిదుకి, కొలువు అరవైకి: మధ్య ఏళ్ల పూచీ ఎవరిది?

హాకీ ఇండియా లీగ్ వేలం జరిగినప్పుడల్లా, ప్రభుత్వ రంగ సంస్థల నుంచి స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్ వచ్చినప్పుడల్లా, రావలసింది రాకుండా పోయినప్పుడల్లా, ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు పట్టణం భిలాయ్ సెక్టార్లలోనూ పక్కనున్న దుర్గ్, రాజ్‌నంద్‌గావ్ మైదానాల్లోనూ ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ లేస్తుంది. ముప్పై దాటిన ఆటగాడితో ఎన్నేళ్లకు ఒప్పందం రాసుకోవాలి? ఏడాదికి మించి వద్దంటారు జట్ల యజమానులు. కనీసం మూడేళ్లయినా లేకపోతే ఇల్లు గడవదంటారు ఆటగాళ్లు. ఆ డబ్బుతో ఇద్దరు కుర్రాళ్లను పెంచుకోవచ్చంటారు కోచ్‌లు. ముగ్గురి మాటలోనూ పస ఉంది. కానీ ముగ్గురూ ఒక పాత లెక్కను పక్కన పెట్టి మాట్లాడుతున్నారు. ఇరవై రెండేళ్ల వయసులో అరకొర జీతానికి ఆడినవాడికి దాని ప్రతిఫలం ముప్పై అయిదు దాటాక అందుతుందన్న నమ్మకం మీదే మన హాకీ దశాబ్దాలపాటు నడిచింది. ఎక్కడా కాగితం మీద పెట్టని ఆ ఒడంబడిక నుంచి ఒక పక్షం చడీచప్పుడు లేకుండా తప్పుకుంటోంది. వయసు మళ్లే ఆటగాడి నష్టాన్ని, అతని పడుచుతనంతో లాభపడినవారు కొంతైనా పంచుకోవాలా వద్దా అన్నది తేలితేనే ఒప్పందం ఎన్నేళ్లన్నది తేలుతుంది.

భిలాయ్‌లో ఈ ఒడంబడిక ఎలా పుట్టిందో చూడాలి. 1955లో అక్కడ ఉక్కు కర్మాగారం కట్టడానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వలస వెళ్లిన వేల తెలుగు కుటుంబాలు ఆ ఊళ్లోనే స్థిరపడ్డాయి. ఆనాటి ఉక్కు కర్మాగారం మనిషిని పనికి పెట్టుకున్నదంటే అతని బతుకంతటినీ నెత్తికెత్తుకున్నట్టే. క్వార్టరు, బడి, ఆసుపత్రి, పార్కు, స్టేడియం అన్నీ కర్మాగారానివే. పండవానీ గాయని తీజన్ బాయికి కొలువిచ్చింది ఈ కర్మాగారమే. కళాకారిణి గొంతు ఎన్నేళ్లు పలుకుతుందని లెక్కగట్టి ఇచ్చిన ఉద్యోగం కాదది. ఆటగాళ్లకూ అదే పద్ధతి. ఇరవై రెండేళ్లకు చేరినవాడు పదిపన్నెండేళ్లు మైదానంలో ఉంటాడు, అరవై నిండేవరకు హాజరు పట్టీలో ఉంటాడు. అంటే ముప్పై ఎనిమిదేళ్ల ఒప్పందం. ఇంత నిడివి గల కాంట్రాక్టు లక్షల డాలర్లు కురిసే అమెరికా ఐస్ హాకీలో కూడా ఎవరికీ దొరకలేదు.

ఈ నేలకు హాకీ అరువు సరుకు కాదు. మూడు ఒలింపిక్ స్వర్ణాలు, ఒక రజతం గెలిచిన లెస్లీ క్లాడియస్ పుట్టింది బిలాస్‌పూర్‌లో. 1960 రోమ్‌లో జట్టుకు నాయకత్వం వహించినప్పుడు ఆయనకు ముప్పై మూడేళ్లు. రాజ్‌నంద్‌గావ్‌లో మహంత్ రాజా సర్వేశ్వర్‌దాస్ స్మారక టోర్నమెంటు దేశమంతటి జట్లనూ రప్పించేది. దుర్గ్ అమ్మాయి సబా అంజుమ్ 2002 మాంచెస్టర్ కామన్వెల్త్ స్వర్ణ జట్టులో ఆడి, తర్వాత భారత జట్టు కెప్టెనై, పద్మశ్రీ అందుకుని, ఛత్తీస్‌గఢ్ పోలీసు శాఖలో డీఎస్పీగా స్థిరపడ్డారు. రాజ్‌నంద్‌గావ్‌కు చెందిన రేణుకా యాదవ్ 2016 రియో ఒలింపిక్స్‌కు వెళ్లారు. మన వైపు చూస్తే, హైదరాబాదీ నందనూరి ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్స్ మూడింటిలోనూ ఆడారు. ఆయన వెనక ఇండియన్ ఎయిర్‌లైన్స్ కొలువు ఉంది. నాలుగు ఒలింపిక్స్ ఆడిన ధన్‌రాజ్ పిళ్లైకీ ఆ సంస్థే అండ. ఓడరేవు, కస్టమ్స్, రైల్వే, ఉక్కు, విమానం, పోలీసు... భారత హాకీ చరిత్రను ఆటగాళ్ల పేర్లతో రాయవచ్చు, వాళ్ల జీతాల రిజిస్టర్లతోనూ రాయవచ్చు.

ఆ పాత పద్ధతిని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. దగ్గరకు వెళ్లి చూస్తే అందులోని లోటు కనిపిస్తుంది. కోటాలో చేరిన ఆటగాడికి సాధారణంగా షిఫ్టుల నుంచి మినహాయింపు ఉంటుంది. పొద్దున ప్రాక్టీసు, ఆపైన జనరల్ షిఫ్టులో కొన్ని గంటలు, టోర్నమెంటు ఉంటే ప్రత్యేక సెలవు. పన్నెండేళ్లు ఇలా గడిచాక ఒకరోజు జట్టు జాబితాలో పేరు ఉండదు. మర్నాటి నుంచి ఏ, బీ, సీ షిఫ్టుల్లో పూర్తి డ్యూటీ. తనతో పాటు చేరినవాళ్లు అప్పటికి యంత్రాన్ని విప్పి బిగించగల పనిమంతులై ఉంటారు. ఇతనికి ఆ విభాగంలో వాల్వు ఎటు తిప్పాలో, ఏ శబ్దం వింటే దూరం జరగాలో కూడా కొత్తే. మోకాలికి శస్త్రచికిత్స అయిన మనిషి ముప్పై అయిదేళ్ల వయసులో కోక్ ఓవెన్ వేడిలో, ఇనుప నిచ్చెనల మీద పని నేర్చుకోవాలి. జీతం ఆగదు, నిజమే. ప్రమోషన్ మాత్రం ఆగిపోతుంది. తోటివారి చిన్నచూపు సరేసరి. ఆట వయసులోనే రెండో పని నేర్పి ఉంటే ఈ దుస్థితి చాలావరకు తప్పేది. పొడవైన ఒప్పందం ఇచ్చిన సంస్థలు దాని రెండో సగాన్ని ఎలా నింపాలో ఆలోచించలేదు. భద్రతకు పెట్టిన ఖర్చు భారంగా కనిపించడానికి ఇదే మూలం.

ఇప్పుడా భద్రతే కరిగిపోతోంది. దేశంలో ప్రతి పాత ఉక్కు పట్టణంలోలాగే భిలాయ్‌లోనూ గత మూడు దశాబ్దాల్లో రెగ్యులర్ ఉద్యోగాలు బాగా తగ్గిపోయాయి. ఆ స్థానంలో ఠేకా (కాంట్రాక్టు) కార్మికులు వచ్చారు. మూడు తరాల తెలుగు ఇళ్లలో తాత రెగ్యులర్, తండ్రి రెగ్యులర్, మనవడు ఠేకా. ఆటగాడి కోసం ప్రత్యేకంగా తలుపు తెరిచి ఉంచే ఓపిక ఇలాంటి చోట ఎంతకాలం ఉంటుంది? ముకేశ్, ధన్‌రాజ్‌ల తరాన్ని మోసిన విమాన సంస్థ 2007లో ఎయిరిండియాలో కలిసింది. ఆ ఎయిరిండియా 2022 జనవరిలో టాటాల చేతికి వెళ్లింది. విశాఖ ఉక్కును అమ్మేయాలన్న నిర్ణయం 2021 జనవరిలో కేంద్రం తీసుకుంది. 2025లో రూ.11,440 కోట్ల ప్యాకేజీ వచ్చినా కార్మికుల దిగులు తీరలేదు. కర్మాగారం ఉంటుందో ఉండదో తెలియని చోట స్పోర్ట్స్ కోటా గురించి అడిగేవారెవరు?

కొలువులు తగ్గుతున్న ఈ కాలంలోనే లీగులు వచ్చాయి. 2005లో మొదలైన ప్రీమియర్ హాకీ లీగ్ తొలి టైటిల్ హైదరాబాద్ సుల్తాన్స్‌దే. 2008తో ఆ లీగు కథ ముగిసింది. 2012లో వరల్డ్ సిరీస్ హాకీ ఒక్క సీజన్ ఆడి ఆగింది. 2013లో పుట్టిన హాకీ ఇండియా లీగ్ 2017 దాకా నడిచి ఏడేళ్లు మూతపడింది. 2024 డిసెంబరులో మళ్లీ తెరుచుకుంది. 2013లో ఇరవై ఆరేళ్లున్న ఆటగాడికి ఆ మూతపడిన ఏడేళ్లే అసలైన సంపాదన కాలం. లీగు తిరిగి వచ్చేసరికి అతనికి ముప్పై ఏడు. ఆటగాడి ఆయుష్షు గురించి ఇంత చర్చిస్తున్న మనం లీగుల ఆయుష్షు గురించి ఎందుకు మాట్లాడమో అర్థం కాదు. మూడేళ్ల కాంట్రాక్టు చేతిలో ఉన్నా లీగే మూతపడితే అది చిత్తుకాగితం.

డబ్బు పంపిణీ కూడా ఆలోచించదగ్గదే. 2024 అక్టోబరు వేలంలో ఒక్కో పురుషుల జట్టుకు రూ.4 కోట్లు, ఇరవై నలుగురు ఆటగాళ్లు. సగటున మనిషికి పదహారున్నర లక్షల పైచిలుకు. హర్మన్‌ప్రీత్ సింగ్‌కు సూర్మా జట్టు పెట్టింది రూ.78 లక్షలు, అంటే మొత్తం సంచిలో దాదాపు అయిదో వంతు. పెనాల్టీ కార్నర్లలో అతని డ్రాగ్ ఫ్లిక్‌కు అది తగిన ధరే. కానీ అట్టడుగున రూ.2 లక్షల కనీస ధర దగ్గర నిలిచేవారూ ఉంటారు. మహిళల జట్లకు సంచే రూ.2 కోట్లు. అందులో భారత క్రీడాకారిణికి దక్కిన అత్యధిక ధర ఉదితా దుహాన్‌కు రూ.32 లక్షలు. ఇదంతా ఏడాదిలో నెల, నెలన్నర ఆటకు. మిగతా పదిన్నర నెలలు ఆ ఆటగాడి ఇంటిని నడిపేది ఎవరు? రైల్వేలు, పోలీసు శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు. అంటే లీగు యజమాని వేలంలో కొనేది ఇతరుల జీతంతో పెరిగిన కండబలాన్ని. అతను ముప్పై మూడుకు చేరగానే ఏడాది ఒప్పందంతో సరిపెట్టి, ఆ పైన వదిలేస్తే, ఆ భారం మళ్లీ రైల్వేల మీదే పడుతుంది. మన రైళ్లు నడిచే పట్టాలు భిలాయ్‌లో తయారవుతాయి, దేశంలో ఎక్కువమంది క్రీడాకారులకు జీతమిచ్చేది ఆ రైల్వేలే. రెండు చోట్లా భారం మోసేది ప్రజల సొమ్మే.

నిడివి గురించిన చర్చ బాగా ముదిరింది ఉత్తర అమెరికా ఐస్ హాకీలో. అక్కడి నేషనల్ హాకీ లీగ్‌లో జట్టు మొత్తం జీతాలకు పరిమితి ఉంటుంది. ఒక్కో ఆటగాడి వాటాను ఒప్పందం మొత్తాన్ని ఏళ్లతో భాగించి లెక్కిస్తారు. దీన్ని ఆసరా చేసుకుని 2010లో న్యూజెర్సీ డెవిల్స్ జట్టు ఇల్యా కొవల్చుక్‌తో పదిహేడేళ్లకు 10.2 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకుంది. అందులో 9.5 కోట్లు మొదటి పదేళ్లలోనే చెల్లిస్తారు. చివరి ఏళ్లు, అతనికి నలభై నాలుగు వచ్చేదాకా, నామమాత్రపు జీతం. అవి ఆడటానికి కాదు, సగటును దించడానికి చేర్చిన ఏళ్లు. లీగు దాన్ని తిరస్కరించింది, మధ్యవర్తి కూడా లీగు వైపే నిలిచాడు. 2013లో ఒప్పందాల నిడివికి సొంత ఆటగాడికైతే ఎనిమిదేళ్లు, బయటివాడికైతే ఏడేళ్లు అని కట్టడి వచ్చింది. 2026 సెప్టెంబరు నుంచి అమలయ్యేలా లీగు, ఆటగాళ్ల సంఘం కుదుర్చుకున్న కొత్త ఒప్పందంలో అవి ఏడు, ఆరుకు తగ్గాయి. పాత ఒప్పందాల సెగ జట్లను చాలాకాలం తాకింది. 2012లో మిన్నెసోటా జట్టు జాక్ పారిసే, రయన్ సూటర్‌లకు తలా పదమూడేళ్లు, 9.8 కోట్ల డాలర్లు రాసిచ్చింది. 2021లో ఇద్దరినీ వదిలించుకున్నాక కూడా రెండు సీజన్లలో ఏటా 1.47 కోట్ల డాలర్ల పరిమితి ఆడని ఆటగాళ్ల లెక్కలోకే పోయింది.

ఈ అనుభవం నుంచి ఆ లీగు తీసిన సూత్రం మనకు పనికొస్తుంది. ముప్పై అయిదు నిండినవాడితో ఒకటికంటే ఎక్కువ ఏళ్లకు రాసుకుంటే, అతను మధ్యలో విరమించినా ఆ మొత్తం జట్టు లెక్కలోనే ఉంటుంది. అంటే వయసు గురించిన అంచనా తప్పితే ఆ తప్పు జట్టుదే. మరోవైపు ఒక్క ఏడాది ఒప్పందమైతే పెద్ద వయసు ఆటగాడికి ఆడిన మ్యాచులను బట్టి బోనస్ ఇవ్వవచ్చు. నలభై దాటిన జ్డెనో చారాతో బోస్టన్ జట్టు ఏడాదికొకసారి ఇలాగే ఒప్పందం రాసుకుంటూ వచ్చింది. మరి అలెక్స్ ఒవెచ్‌కిన్? ముప్పై అయిదో ఏట వాషింగ్టన్ జట్టు అతనికి అయిదేళ్లు ఇచ్చింది. 2025 ఏప్రిల్‌లో, ముప్పై తొమ్మిదేళ్ల వయసులో, అతను వేన్ గ్రెట్జ్‌కీ గోల్స్ రికార్డును దాటాడు. అయిదేళ్లిచ్చిన జట్టుకూ, ఏడాదేడాదికి పొడిగించిన జట్టుకూ తాము ఏం కొంటున్నామో తెలుసు. తెలియనిదల్లా ఏళ్ల సంఖ్యను ఆకర్షణగా వాడిన జట్లకే.

మన తరహా హాకీ ఆడే దేశాల్లో ఇంత డబ్బు లేదు. నెదర్లాండ్స్‌లో క్లబ్బుల జీతం, ఒలింపిక్ సంఘం భృతి రెండూ కలిపి ఆటగాడు బతుకుతాడు. ట్యూన్ డి నోయెర్ లండన్ ఒలింపిక్స్ దాకా, ముప్పై ఆరేళ్ల వరకు అలాగే ఆడాడు. ఆస్ట్రేలియాలో జాతీయ శిక్షణ బృందాన్ని ఏటా ప్రకటిస్తారు. అక్కడ ఎడ్డీ ఒకెండెన్ అయిదు ఒలింపిక్స్ ఆడాడు. బ్రిటన్‌లో లాటరీ సొమ్ముతో నడిచే భృతి ఒలింపిక్ చక్రాన్ని బట్టి ఉంటుంది, రెండో వృత్తికి దారి చూపే సలహాదారులు ఆట సాగుతుండగానే పనిలోకి దిగుతారు. జర్మనీ ఆటగాళ్లలో చదువుకుంటూనో, వేరే వృత్తి చేస్తూనో ఆడేవారు ఎందరో. ఈ దేశాల్లో ఒప్పందాలు పొట్టివే. అయినా ఆటగాడు రోడ్డున పడడు, ఎందుకంటే చదువు, వైద్యం, నిరుద్యోగ భృతి వంటి అండ సమాజం నుంచి వస్తుంది. ఆ అండ లేని మన దేశంలో వాళ్ల పొట్టి ఒప్పందాన్ని ఒక్కదాన్నే దిగుమతి చేసుకుంటే మిగిలేది అభద్రతే. ఇక్కడే మన విధాన రూపకర్తలు పొరబడుతున్నారని నా అభిప్రాయం.

ఇక శరీరం సంగతి. ముప్పై మూడు అనే అంకె ఒక్కటే ఏమీ చెప్పదు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ నుంచి ఆట కృత్రిమ టర్ఫ్ మీదకు మారాక వేగం పెరిగింది, మోకాళ్ల మీద, నడుము మీద ఒత్తిడీ పెరిగింది. పెనాల్టీ కార్నర్‌లో డ్రాగ్ ఫ్లిక్ కొట్టేవాడిని గమనించండి. బంతిని వెనక నుంచి కర్రకు అంటించి లాగుతూ, ముందు కాలిని బారుగా చాచి, దాదాపు నేలకు వంగి, నడుమును మెలితిప్పి వదులుతాడు. ప్రాక్టీసులో అదే కదలిక రోజుకు పదుల సార్లు. పరుగెత్తే శక్తి తగ్గకముందే అతని నడుము మొరాయించవచ్చు. మిడ్‌ఫీల్డర్‌కు ముందు తగ్గేది మళ్లీ మళ్లీ పరుగందుకునే ఓపిక. అయితే అపరిమిత సబ్‌స్టిట్యూషన్లు, పదిహేను నిమిషాల క్వార్టర్లు వచ్చాక అయిదారు నిమిషాల విడతల్లో పాత ఆటగాడి తెలివిని వాడుకోవచ్చు. కానీ ఒలింపిక్స్‌లో జట్టుకు పదహారు మందే. ఒక గోల్‌కీపర్ పోను పది స్థానాలకు పదిహేను మంది. విడతల్లో మాత్రమే ఆడగలవాడికి అక్కడ చోటు కష్టం. అదే ఆటగాడు లీగులో, జాతీయ పోటీల్లో ఇంకో మూడేళ్లు నిక్షేపంగా పనికొస్తాడు. కాబట్టి జాతీయ జట్టుకు ఒక నిడివి, సంస్థ జట్టుకు మరో నిడివి ఉండటం న్యాయం.

గోల్‌కీపర్‌ది వేరే కథ. టోక్యో ఒలింపిక్స్ కాంస్యం నాటికి భారత గోల్‌కీపర్ శ్రీజేశ్‌కు ముప్పై మూడేళ్లు. అంకెను మాత్రమే చూసి ఉంటే అప్పుడే సాగనంపేవారు. మూడేళ్ల తర్వాత పారిస్ క్వార్టర్ ఫైనల్లో, అమిత్ రోహిదాస్ రెడ్ కార్డుతో బయటికి వెళ్లాక, పది మందితో ఆడిన భారత్ బ్రిటన్‌ను షూటౌట్‌లో ఓడించగలిగిందంటే ఆ ముప్పై ఆరేళ్ల మనిషి గోల్‌లో ఉండటమే ప్రధాన కారణం. ఉమ్మడి చిత్తూరు జిల్లా ఎనుములవారిపల్లె నుంచి వచ్చిన ఇటిమరపు రజనీ ఇంకో ఉదాహరణ. టోక్యోకు రిజర్వుగా ఎంపికయ్యారు, 2024 హాకీ ఫైవ్స్ ప్రపంచ కప్‌లో కెప్టెన్‌గా జట్టును ఫైనల్‌కు చేర్చారు. గోల్‌కీపర్‌కు ఉన్నది ఒకే స్థానం. ఏళ్ల తరబడి రెండో వరుసలో నిలిచి, పిలిచిన రోజున సిద్ధంగా ఉండేవారిని ఏడాది ఒప్పందంతో నిలుపుకోలేం. రజనీకి రైల్వే ఉద్యోగం ఉంది గనుక నిలిచారు. ఆ కాలంలో మొదటి గోల్‌కీపర్‌గా ఉన్న సవితా పునియాకు 2017 ఆసియా కప్ గెలిచిన నాటికి కూడా ఉద్యోగం లేదు. దేశం గోల్ కాచిన మనిషి తండ్రి సంపాదన మీద ఆధారపడాల్సి రావడం మనందరికీ తలవంపు.

ప్రతివాదం బలమైనదే. ఉక్కు ధర ప్రపంచ మార్కెట్ నిర్ణయిస్తుంది, పదేళ్ల ఆటకు నలభై ఏళ్ల జీతం మేమెందుకు మోయాలని కర్మాగారం అడుగుతుంది. పాతవాడు కూర్చుంటే కొత్త కుర్రాడికి చోటేదని రాజ్‌నంద్‌గావ్ కోచ్ అడుగుతాడు. రెండో ప్రశ్న నన్ను ఎక్కువ కలవరపెడుతుంది, ఎందుకంటే నష్టపోయేది ఇంకా గొంతు లేని పదహారేళ్ల పిల్లవాడు. అయితే చిక్కంతా ఆట స్థానాన్నీ, కొలువునూ ఒకే ముడి వేయడంలో ఉంది. ఆట స్థానం పొట్టిదిగా, పోటీతో గెలుచుకునేదిగా ఉండాలి. రెండేళ్లకు ఒప్పందం, ఆడిన మ్యాచుల మీద ఏడాది పొడిగింపు, స్థానాన్ని బట్టి పరీక్ష. కొలువు వేరే ఒప్పందం. అది ఆటగాడి ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదో ఏటే మొదలవాలి. ఏటా రెండు మూడు నెలలు ఐటీఐ, డిప్లొమా చదువో, కర్మాగారంలోనే క్రేన్, ల్యాబ్, భద్రతా విభాగాల్లో పని శిక్షణో ఇచ్చి, పాసైతేనే శాశ్వత ఉద్యోగం అనాలి. అప్పుడు సంస్థకు ముప్పై అయిదేళ్ల పనివాడు దొరుకుతాడు, జట్టులో ఒక స్థానం కుర్రాడికి ఖాళీ అవుతుంది.

పతకం వచ్చాక ఇచ్చే బహుమతులు ఈ పని చేయలేవు. బాక్సర్ నిఖత్ జరీన్, క్రికెటర్ సిరాజ్‌లకు తెలంగాణ డీఎస్పీ ఉద్యోగాలిచ్చింది, ఆంధ్రప్రదేశ్ క్రీడా కోటాను రెండు నుంచి మూడు శాతానికి పెంచింది. సంతోషమే. కానీ జాతీయ పోటీల్లో పన్నెండేళ్లు ఆడి, అంతర్జాతీయ పతకం లేకుండా తప్పుకునే ఆటగాళ్లే ఎక్కువ. కేంద్రం ఇచ్చే క్రీడాకారుల పింఛను ఒలింపిక్ పతక విజేతకు నెలకు రూ.20 వేలు. అదీ ముప్పై నిండి, ఆట మానేసినవారికే. పతకం లేనివాడికి అదీ లేదు. అందుకే లీగు వేలంలో పలికిన ప్రతి రూపాయిలో కొంత శాతాన్ని జట్టు యజమానులు, లీగు కలిసి ఆటగాళ్ల భవిష్య నిధిలో వేయాలని నియమం తేవాలి. లీగు మూతపడినా ఆ నిధి ఆటగాడి పేరు మీదే ఉండాలి. గాయాల బీమా సీజన్‌తో ఆగిపోకుండా ఆ తర్వాత రెండేళ్లు కొనసాగాలి, డ్రాగ్ ఫ్లిక్ కొట్టేవాడి నడుము నొప్పి ఫైనల్ మర్నాడే బయటపడదు కదా.

మొదలుపెట్టాల్సిన చోటు కూడా దగ్గర్లోనే ఉంది. భిలాయ్ కర్మాగారాన్ని నడిపే ప్రభుత్వ రంగ సంస్థ సెయిల్ రూర్కెలాలో హాకీ అకాడమీని, భిలాయ్‌లో అథ్లెటిక్స్ అకాడమీని నడుపుతోంది. పిల్లలు అకాడమీలో చేరే రోజునే వాళ్ల తల్లిదండ్రుల చేతిలో రెండు కాగితాలు పెట్టవచ్చు. ఆట ఎన్నేళ్లు, ఏ షరతుల మీద అన్నది ఒకటి. ఆట అయ్యాక ఏ పని, దానికి ఏ చదువు, ఎప్పటిలోగా అన్నది రెండోది. హిందీలో, ఒడియాలో, తెలుగులో, ఆ తల్లిదండ్రులు చదువుకోగల భాషలో అవి ఉండాలి. రాబోయే స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్‌లో ఈ రెండో కాగితాన్ని తప్పనిసరి చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఉక్కు మంత్రిత్వ శాఖ ఒక ఉత్తర్వు ఇస్తే చాలు.